ఖాళీ మిక్సీ

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. పదకొండు సెకన్లు. మెట్ల దగ్గర కెమెరాలోది. రాత్రి పన్నెండూ నలభైకి మూడో అంతస్తులో అద్దెకున్న అమ్మాయి గేటు తీసుకుని లోపలికి వస్తుంది. బయట ఒక బైకు ఆగి ఉంది. దాని మీద ఎవరో ఉన్నారు గానీ మొహం కనపడదు. అమ్మాయి చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కుతుంది. అంతే. కింద ఒక వాక్యం: "సెక్యూరిటీ దృష్ట్యా అందరూ గమనించగలరు." దాని కింద రెండు దండాలు, ఒక బొటనవేలు.

ఆ అమ్మాయి కూడా అదే గ్రూపులో ఉంది.

నా కళ్లల్లో మిగిలిపోయింది ఆ చెప్పులే. ఎవరి నిద్రా పాడుచేయకూడదు అనుకుందో, ఎవరి కంటా పడకూడదు అనుకుందో. రెండూ కావచ్చు.

వీడియో అమ్మకి చూపించాను. అమ్మకి డెబ్బై ఆరు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ గుంటూరు బ్రాడీపేట దాటి ఉన్నది లేదు. రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "దీన్ని ఇట్టా అందరికీ పంపడమేంటే? మా రోజుల్లో మేం చూళ్లేదనుకున్నావా? అన్నీ చూశాం. చూసీ చూడనట్టు ఊరుకున్నాం" అంది.

ఆ మాట నాకు భలే నచ్చింది. మన ఊళ్లలో ప్రైవసీ ఎక్కడుంది అని అందరూ అంటారు కదా, ఉంది, దాని పేరే 'చూసీ చూడనట్టు' అని ఒక వ్యాసం రాద్దామని కూర్చున్నాను. సగం దాకా బాగానే వచ్చింది. ఆ సగం అక్కకి ఫోన్లో చదివి వినిపించడమే నేను చేసిన పొరపాటు.

రెండంకెల అడ్రసు

గుంటూరుని చిన్న ఊరంటే ఇక్కడివాళ్లకి కోపం వస్తుంది. 2011 జనాభా లెక్కల్లోనే ఆరు లక్షలు దాటింది. మిర్చి సీజన్లో యార్డు ముందు ఏయే రాష్ట్రాల లారీలుంటాయో చూస్తే చిన్న ఊరనే నోరు రాదు. కానీ బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పెరిగినవాళ్లకి అది ఊరు కాదు, ఒక వీధి. మా అడ్రసు రెండంకెలు. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు. ఆ రెండూ చెబితే చాలు, మిగతాది ఎదుటివాళ్లే పూర్తి చేస్తారు. ఎవరి ఇల్లు, ముందు పోర్షనా వెనకా, మీరు ఫలానా మాస్టారి పెద్దమ్మాయా రెండో అమ్మాయా.

ఇంటర్లో ఉండగా ఒకసారి క్లాసు ఎగ్గొట్టి నాజ్ సెంటర్లో మ్యాట్నీకి వెళ్లాం, నలుగురం. ఆరున్నరకి ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఇంటర్వెల్ దాకానా, మొత్తం చూశావా?" అన్నారు. సైకిల్ స్టాండు అతను ఆయన దగ్గర చదువుకున్నాడట. నేను సైకిలు పెట్టిన పది నిమిషాలకే కబురు వెళ్లింది.

పదో తరగతి ఫలితాలైతే ఇంకా విచిత్రం. పేపర్లో నంబర్లు వేసేవాళ్లు, ఫస్టు క్లాసు, సెకండు క్లాసు, థర్డు క్లాసు కింద. పేరుండదు కదా అనుకుంటాం. మా లైన్లో పిల్లలందరి హాల్‌టికెట్ నంబర్లూ ఎదురింటి పిన్నిగారి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసి ఉండేవి. పరీక్షలకి ముందే ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకునేవారు. ఫలితాల రోజు పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చుంటే మా బతుకులు ఆవిడకి మాకంటే ముందు తెలిసేవి. ఒక ఏడు మూలింటి కుర్రాడి నంబరు ఏ క్లాసులోనూ లేదు. పిన్నిగారు సాయంత్రం దాకా కనిపించిన వాళ్లందరితో, "ఈ పేపరోళ్లు నంబర్లు సరిగ్గా వేసి చావరు" అంటూ తిరిగారు. ఆ కుర్రాడు తప్పాడని అందరికీ తెలుసు. పేపర్లో తప్పు పడిందని అందరూ ఒప్పుకున్నారు. సెప్టెంబరులో రాసి గట్టెక్కాడు.

ఈ ఊపిరాడనితనం భరించలేకే నేను హైదరాబాదు పోయాను. అక్కడ ఇరవై రెండేళ్లున్నాను. ఎవరూ ఏమీ అడగరు అంటారు గానీ అది పూర్తిగా నిజం కాదు. అక్కడ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే అన్నీ అడిగేస్తారు. ఫ్యామిలీయా, నాన్‌వెజ్ తింటారా, "మీరేమిట్లు"? ఊళ్లో చేరాక అడిగేవి అక్కడ చేరకముందు అడుగుతారు. ఒకసారి చేరాక మాత్రం ఎవరి గోల వాళ్లది. నాకు ఆ గోల లేకపోవడం చాలా బాగుండేది. ఇప్పటికీ అక్కడి లిఫ్టు గుర్తొస్తుంది. ఎవరూ మాట్లాడకుండా ఏడో అంతస్తు దాకా పోవడం ఎంత హాయి! 2021లో అమ్మ కోసం వెనక్కి వచ్చేశాను.

గుట్టు ఎవరిది?

గోప్యత అనే మాట పేపర్లో చదవడమే గానీ మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఏకాంతం అనే మాట ఉంది, కానీ అది దేవుడిది. తిరుమలలో రోజంతా జనానికి కనిపించి, రాత్రికి ఏకాంత సేవ చేయించుకునేది స్వామి ఒక్కడే. నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తారు. మేం అన్నానికి కూర్చుంటే పిన్నిగారు వచ్చి గిన్నె మీద మూత తీసి ఏం కూరో చూసి, మళ్లీ మూత పెట్టి అప్పుడు పలకరించేవారు.

మనవాళ్లు నిజంగా వాడే మాట గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం. గుట్టుగా సంసారం చేసుకుంటున్నారు అని మెచ్చుకుంటాం. ఈ మాటలన్నిట్లో గుట్టు అనేది ఇంటికి ఉంటుంది. ఇంట్లో మనిషికి ఉండదు. నాకొచ్చిన ఉత్తరాలు నాన్న విప్పి, చదివి, చక్కగా మడిచి నా టేబుల్ మీద పెట్టేవారు. దొంగచాటుగా చదవలేదు. అది తప్పని ఆయనకి తోచనే లేదు, ఆయన చాలా మంచివాడు కూడా. అలాగే వీధిలో నన్ను ఎవరితోనో చూసి ఎవరైనా నాన్నకి చెబితే అది చాడీ కింద లెక్క కాదు. దారిలో పడిపోయిన పర్సు దొరికితే తెచ్చి ఇచ్చినట్టు. ఇంటి వస్తువు ఇంటికి చేర్చారు, అంతే.

ఇది అర్థమయ్యాక నాకు చిన్నప్పటి కోపాలు కొన్ని తగ్గాయి. కొన్ని పెరిగాయి.

రాత్రి తొమ్మిదిన్నరకి

1993లో మాకు ఫోను లేదు. దరఖాస్తు పెట్టి ఏళ్లయినా రాలేదు. పిన్నిగారి ఫోనే మా ఫోను. అక్క పెళ్లి శుభలేఖ మీద కూడా వాళ్ల నంబరే వేయించి, పక్కన పి.పి. అని, అంటే ఇరుగుపొరుగు వాళ్ల ఫోనని, పెట్టాం. అక్కని నెల్లూరు ఇచ్చారు. ఆరు నెలలు తిరక్కుండా అక్కడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రాత్రిపూట, ఎస్టీడీ చార్జీ తగ్గాక, బూత్ నుంచి చేసేది.

పిన్నిగారు గేటు దగ్గరికి వచ్చి "నెల్లూరు" అని ఒక్క మాట అనేవారు. అక్క పేరు ఎత్తేవారు కాదు. అమ్మ పరుగున వెళ్లేది, వెనకే నేను. ఫోను వాళ్ల హాల్లో, అల్లిన గుడ్డ పరిచిన స్టూలు మీద. మేం రాగానే బాబాయిగారు లేచి బయట అరుగు మీదకి వెళ్లిపోయేవారు. పిన్నిగారు వంటింట్లోకి వెళ్లేవారు. ఆ వెంటనే మిక్సీ మోత. అటు అక్క ఏడుస్తూ ఏం చెబుతుందో అమ్మకి సగమే వినిపించేది, "గట్టిగా చెప్పవే" అని అమ్మ అరిచేది. ఇదెక్కడి రుబ్బడం, కాస్త ఆగితే ఏం పోయింది అని నాకు మహా కోపంగా ఉండేది.

ఒక రాత్రి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. మిక్సీ తిరుగుతోంది. జార్లో ఏమీ లేదు. పిన్నిగారు మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి, గోడకేసి చూస్తూ నిలబడ్డారు. ఒక్క క్షణం స్విచ్ ఆపి, చెవి హాలు వైపు పెట్టి, అమ్మ ఇంకా మాట్లాడుతోందని తెలిశాక మళ్లీ వేశారు. నన్ను చూసి కంగారు పడలేదు. "కుండలో ఉన్నాయి, ముంచుకో" అన్నారు.

నాకప్పుడు పదిహేడేళ్లు. ఆ ఖాళీ బ్లేడ్ల చప్పుడు ఈ ముప్పై ఏళ్లలో చాలాసార్లు గుర్తొచ్చింది. ఆవిడకి మా సంగతి తెలియక కాదు. తెలుసు గనకే మిక్సీ వేశారు.

సంక్రాంతికి ముందు అక్క రెండు సూట్‌కేసులతో రిక్షా దిగింది. పుట్టింటికొచ్చిన ఆడపిల్లని వీధిలో అందరూ అడిగే మాట ఒకటుంది, "ఎన్నాళ్లుంటావమ్మా?" అని. మా అక్కని ఎవ్వరూ అడగలేదు. పండగ వెళ్లింది, శివరాత్రి వెళ్లింది, అడగలేదు. పిన్నిగారు వాళ్ల చిన్నవాణ్ణి తీసుకొచ్చి, "వీడికి లెక్కలు చెప్పు తల్లీ, సాయంత్రాలు ఖాళీయేగా" అన్నారు. వాడితో మొదలై ఎనిమిది మంది పిల్లలయ్యారు. తర్వాత అక్క బీఈడీ, ఉద్యోగం. ఈనాటికీ ఆ ఇంట్లో ఎవరూ నెల్లూరు పేరు ఎత్తలేదు.

ఇదీ నేను రాసిన సగం. అక్క అంతా విని కాసేపు మాట్లాడలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. "మరి వెనక పోర్షన్ పిల్ల సంగతి రాయవా?" అంది.

వెనక పోర్షన్

పిన్నిగారి ఇంటి వెనక రెండు గదుల పోర్షన్లో ఒక కుటుంబం ఉండేది. తండ్రి మిర్చి కమీషన్ కొట్లో గుమస్తా. మా కులం కాదు, పిన్నిగారి కులమూ కాదు. పెద్దపిల్ల డిగ్రీ చదివేది. బొమ్మలు బాగా వేసేది. నా బోటనీ రికార్డు సగం ఆ పిల్ల చేతిదే. అక్క తిరిగొచ్చిన ఏడే, వేసవిలో, లైను చివర ఒక అబ్బాయి ఆ పిల్లకి నోట్సు ఇవ్వడం పిన్నిగారు డాబా మీద వడియాలు పెడుతూ చూశారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ సాయంత్రమే కుళాయి దగ్గర, నలుగురి ముందు, ఆ పిల్ల తల్లితో చెప్పారు. "పెద్దదాన్ని, చెప్పడం నా ధర్మం" అన్నారు. రెండు నెలల్లో చదువు మాన్పించి వినుకొండ వైపు ఎక్కడో పెళ్లి చేసి పంపేశారు. తర్వాత మేం ఆ పిల్లని చూడలేదు.

అదే మనిషి, అదే ఏడు.

నాకు గుర్తు లేక కాదు. రికార్డులో ఆ పిల్ల వేసిన మందార పువ్వు నిలువుకోత బొమ్మ కూడా గుర్తుంది. వ్యాసంలో పెట్టాలని తోచలేదు, అంతే. చూసీ చూడనట్టు పోవడం నాకూ బాగానే అబ్బింది.

అక్కడి నుంచి నా వాదం కుంటడం మొదలుపెట్టింది. మిక్సీ ఎవరి కోసం తిరిగింది? సొంతిల్లు ఉన్నవాళ్ల కోసం, మాస్టారి కుటుంబం కోసం, తనవాళ్లు అనుకున్నవాళ్ల కోసం. ఇంకా వెనక్కి వెళితే మగవాళ్లందరి కోసమూ తిరిగేది. లైన్లో ఒకాయన వారానికి నాలుగు రోజులు తాగి వచ్చేవాడు. "బాబాయిగారికి ఒంట్లో నలతగా ఉంది" అని పిల్లలం కూడా అనడం నేర్చుకున్నాం. నోట్సు తీసుకున్న పిల్లకి మాత్రం నలత లేదు.

అంటే చూసీ చూడనట్టు అనేది వీధి చేసే దయ. ఇష్టమైతే చేస్తుంది. అదేమాట అక్కతో అంటే, "కాదనను. ఆ మిక్సీ వల్లే నేను నిలబడ్డాను. కానీ పిన్నిగారికి ఆ రోజు నా మీద మనసు కాకపోతే ఏమయ్యేదాన్నో అని ఇప్పటికీ భయమేస్తుంది" అంది. అక్క లెక్కల టీచరు. సానుభూతిలో కూడా తీసివేత చేసి చూస్తుంది.

సుబ్బారావు గారి అసమ్మతి

దయ కాకపోతే మరి హక్కు. ఇక్కడ మా గుంటూరు వాళ్లం కాస్త గొప్ప చెప్పుకోవచ్చు. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు అయితే హైకోర్టు గుంటూరులో ఉండేది, 1954 నుంచి 1956 దాకా. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఆయన తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1962లో ఖరక్ సింగ్ కేసు వాళ్ల ముందుకొచ్చింది. దోపిడీ కేసులో ఆధారాలు లేక వదిలేసిన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, వెంట తిరగడం, అర్ధరాత్రి తలుపు కొట్టి లేపడం చేశారు. ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రి తలుపు కొట్టడం తప్పన్నారు గానీ, ప్రైవసీ రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు, వెంట తిరిగితే ఫరవాలేదు అన్నారు. సుబ్బారావు గారు, ఆయనతోపాటు జస్టిస్ షా, ఒప్పుకోలేదు. పోలీసు కళ్ల ముందు తిరిగే తిరుగుడు స్వేచ్ఛగా తిరగడం ఎలా అవుతుంది, అలాంటివాడికి దేశమంతా జైలే అని సుబ్బారావు గారు రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నప్పుడు, ఖరక్ సింగ్ తీర్పులో ఆ నలుగురి మాట కొట్టేసి సుబ్బారావు గారి మాటే సరైనదన్నారు. యాభై అయిదేళ్లు పట్టింది.

దేశమంతా జైలే అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఉత్తరప్రదేశ్ పోలీసులు గుర్తుకు రారు. మా నాలుగో లైను గుర్తొస్తుంది. కానీ ఆ హక్కుతో పోట్లాడగలిగేది ప్రధానంగా ప్రభుత్వంతో. పిన్నిగారి మీద రిట్ వేయలేం. వెనక పోర్షన్ పిల్ల గుంటూరులో ఉన్న రోజులకి ఆ హక్కే లేదు, ఉన్నా కుళాయి దగ్గర అది పనికొచ్చేది కాదు.

అందుకని నేను మళ్లీ మిక్సీ దగ్గరికే వస్తున్నాను, ఈసారి ముచ్చటగా కాదు. ఆ చప్పుడు అందరికీ రావాలని అడుగుతున్నాను. మనవాళ్లకి ఎలా చేయాలో తెలియక కాదు. ఖాళీ జారు తిప్పేంత సున్నితం ఉన్న మనిషికి, నోట్సు తీసుకున్న పిల్ల విషయంలో కళ్లు పక్కకి తిప్పుకోవడం ఎలాగో తెలియదా? తెలుసు. తన కిందివాళ్లకి ఆ మర్యాద అక్కర్లేదనుకున్నారు.

సెల్లార్లో మీటింగ్

కెమెరాకి ఆ ఎంపిక కూడా లేదు. అది చూసీ చూడనట్టు ఉండలేదు. తీసేయండి అని నేను అనలేను. రెండేళ్ల కిందట సెల్లార్లో బైకు పోతే పెట్టారు. పోయిన ఏడాది అమ్మ మెట్ల మీద జారి పడితే వాచ్‌మన్ స్క్రీన్లో చూసే పరిగెత్తుకొచ్చాడు. నా గొడవ ఆ పదకొండు సెకన్లు నలభై ఫోన్లలోకి వెళ్లడం గురించి. పిన్నిగారు ఎంత చేసినా, మర్నాడు అదే కుళాయి దగ్గర ఆ పిల్ల తల్లి మొహం చూడాలి. ఇక్కడ వీడియో పెట్టినాయన ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

నా బుద్ధి ఎలా పనిచేసిందో కూడా చెప్పాలి. ఆ అమ్మాయి ఎక్కడ పనిచేస్తుందో వాచ్‌మన్‌ని అడగబోయాను. ఏ ఆసుపత్రిలోనో నైట్ షిఫ్టు అయితే, "పాపం డ్యూటీ నుంచి వచ్చింది" అని గ్రూపులో పెట్టి నోళ్లు మూయిద్దామని. అడగబోయి ఆగాను. డ్యూటీ కాకపోతే? సినిమా నుంచో, స్నేహితుడి పుట్టినరోజు నుంచో వచ్చి ఉంటే అప్పుడు ఆ వీడియో సరైనదవుతుందా? ఆ పిల్ల మంచిదని రుజువు చేయడానికి నేను కూడా ఆ పిల్ల గురించే ఆరా తీస్తున్నాను.

ఆదివారం సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలేసి అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. దొంగతనం, ప్రమాదం అయితే తప్ప వీడియోలు బయటికి తీయొద్దు, తీసినా ఇద్దరే చూడాలి, గ్రూపులో పెట్టకూడదు అన్నాను. "తప్పు చేయనివాళ్లకి భయమెందుకు మేడం?" అన్నారు సెక్రటరీ గారు. "మీ పడగ్గదిలో ఒకటి పెట్టుకుంటారా అండీ?" అనబోయి మానుకున్నాను, ఆయన భార్య పక్కనే ఉన్నారు. రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది అని ఒకరు, బ్యాచిలర్లకి ఇవ్వకపోతే ఈ తలనొప్పే ఉండదు అని ఇంకొకరు. గంటన్నర తర్వాత తీర్మానం రాశారు. ఇకమీదట సెక్రటరీ గారి అనుమతి లేకుండా ఎవరూ గ్రూపులో వీడియోలు పెట్టరాదు.

ఆ వీడియో పెట్టింది సెక్రటరీ గారే.

అమ్మాయి అప్పటికే గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఇల్లు కూడా ఖాళీ చేస్తోందని విన్నాను. ఎవరు చెప్పారో అడగొద్దు.

మీటింగ్ అయిన మర్నాడు నేను బ్యాంకుకి వెళ్లినప్పుడు రెండో అంతస్తు ఆవిడ, పక్క ఫ్లాటు ఆవిడ కలిసి అమ్మని చూడ్డానికి వచ్చారట. కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగి, కాఫీ తాగి, మెల్లగా విషయానికి వచ్చారు. "మీ అమ్మాయి నిన్న అంత ఇదిగా మాట్లాడింది. ఏమన్నా ఉందా, వదినగారూ?"

"ఉంది. చెప్పను" అందట అమ్మ.

నేను వచ్చాక ఇదంతా చెప్పి మురిసిపోయింది. నవ్వడం అయ్యాక కుర్చీ కాస్త నా వైపు జరుపుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఏముందే?"